పసుపు గొడుగుల ముక్క

పోయిన వారం మనం బడి గేటు ముందు ఆగాం. అప్పటికి సంగతి ఇదీ. బడి వదిలాక పెద్దవాళ్ళు వచ్చేదాకా పిల్లల్ని కూర్చోబెట్టే సాయంత్రం గదిని మూసెయ్యాలని తల్లిదండ్రుల సంఘం అధ్యక్షురాలు తీర్మానం పెట్టింది. అది మూతపడితే సిటీ బస్సు నడిపే డ్రైవరమ్మ ఉద్యోగం మానుకోవలసిందే. ఆమె డ్యూటీ దిగేసరికి బడి వదిలి చాలాసేపవుతుంది. ఇంట్లో మరో పెద్ద దిక్కు లేదు. ఆ గది అవసరమైనవాళ్ళు మీటింగుకొచ్చి కాదనాలంటే పిల్లల్ని ఎక్కడ వదలాలి? చంకనేసుకుని వచ్చినా ఓటు దక్కదు. మీటింగు మధ్యలో కుర్చీలోంచి లేచినవాళ్ళకు ఆ పూట ఓటు లేదని సంఘంలో ఒక నియమం. సంతకం పెట్టి మెల్లగా జారుకునేవాళ్ళ కోసం ఎవరో ఎప్పుడో పెట్టారు. జారుకునేవాళ్ళు ఎటూ రావడం మానేశారు. ఏడ్చే బిడ్డను ఎత్తుకుని వరండాలోకి పరిగెత్తే తల్లులకు మాత్రం అది ప్రతిసారీ తగులుతూనే ఉంది.

అందుకని టైలరమ్మా, నేనూ కలిసి ఒక కాగితం రాసి గేటుకు అంటించాం: "మీటింగు జరిగినంతసేపూ మీ పిల్లల్ని పక్కగదిలో మేం చూస్తాం. మీరు కూర్చోండి." ఎవరైనా వస్తారా, రారా అని గేటు వైపు చూస్తూ నిలబడ్డాం.

వచ్చారు. ముందు ఒకరిద్దరు, తర్వాత గుంపుగా. పని బట్టలతో, తడి తలలతో, భుజాన పిల్లలతో, చేతుల్లో నీళ్ళ సీసాలతో వచ్చిపడ్డారు. మా మనవరాలు తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళ చెప్పులు జతలుగా సర్దడం మొదలుపెట్టి, రెండు నిమిషాల్లో చేతులెత్తేసింది.

"తాతా, వీళ్ళు ఆగట్లేదు!"

"ఆగకూడదనే కదమ్మా మన ఆశ," అన్నాను.

టైలరమ్మ అప్పటికే బుట్ట ముందేసుకుని కూర్చుంది. ఆమె కొట్లో రసీదులుండవు. ఏదైనా కుట్టడానికిస్తే ఒక పేలికను రెండు ముక్కలు చేసి, ఒకటి ఆ బట్టకు కడుతుంది, ఒకటి మన చేతిలో పెడుతుంది. జత కుదిరితేనే బట్ట ఇస్తుంది. పిల్లలకూ అదే పద్ధతి పెట్టింది. ఒక ముక్క పిల్ల మణికట్టుకు, దాని జత తెచ్చినవాళ్ళ మణికట్టుకు.

"కాగితమిస్తే పోగొట్టుకుంటారు. చేతికి కట్టింది ఎక్కడికి పోతుంది?" అంటూ ఒక్కొక్కరికీ ముడి వేస్తోంది.

వెల్డింగు పని చేసే అతను కూతుర్ని దించి చెయ్యి చాపాడు. ముక్క మీద గులాబీ రంగు పూలున్నాయి.

"ఏమ్మా, మగాళ్ళకు తగ్గదేదీ లేదా?"

"నీ కూతురికి ఏది కడితే నీకూ అదే. వద్దంటే కూతుర్ని మార్చుకో."

అతను నవ్వుతూ కట్టించుకున్నాడు. తర్వాత లోపల ఆ పూల చేతిని ఒళ్ళో దాచుకోకుండా అందరికీ కనిపించేలా బల్ల మీద పెట్టుకోవడం నేను చూశాను.

డ్రైవరమ్మ డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. ఆమె కొడుకు, నాలుగేళ్ళవాడు, ఆమె కాలిని రెండు చేతులతోనూ చుట్టేసి వేలాడుతున్నాడు. అందరూ వాణ్ణి కండక్టరంటారు.

"మా కండక్టరు జాగ్రత్త, తాతగారూ. నేను కనపడకపోతే కాసేపు బానే ఉంటాడు. తర్వాత పైకప్పు లేచిపోద్ది."

"లేస్తే పట్టుకుంటాంలే అమ్మా. నువ్వు మాత్రం కుర్చీలోంచి లేవకు."

ఆమె కొడుకు చేతిని కాలి మీంచి వేలు వేలుగా విడదీసింది. విడదీసేటప్పుడు ఆమె ముఖం వాడికి కనపడకుండా వంగింది. వంగినందువల్ల నాకు కనిపించింది.

అందరూ లోపలికెళ్ళి, నేను తలుపు వెయ్యబోతుంటే గేటు కాపలా మనిషి ఆయాసపడుతూ వచ్చాడు. భుజం మీద మూడేళ్ళ పాప, గాఢనిద్రలో ఉంది.

"ఈ పాప వాళ్ళు లోపలికెళ్ళిపోయారండీ. ముక్క నాకివ్వండి, అందిస్తా."

"ఎవరు వాళ్ళు?" అంది టైలరమ్మ.

"లోపలే ఉన్నారమ్మా," అని అతను నేల చూశాడు.

బుట్టలో చూస్తే ముక్కలు అయిపోయాయి. అప్పుడు నా సంచిలో ఉన్న గుడ్డ గుర్తొచ్చింది. మా వంటింటి కిటికీ తెర అది. నీలం మీద పసుపు గొడుగులు. మా ఆవిడ కొట్టు కొట్టూ తిరిగి, చివరికి మొదటి కొట్లోనే కొన్నది. ఎండకు చివికిపోతుంటే దిండు గలీబులు కుట్టించుకుందామని సంచిలో పెట్టుకున్నాను గానీ, టైలరమ్మ కొట్టు ముందునుంచి వెళ్ళినప్పుడల్లా ఏదో వంకతో నడిచిపోయేవాణ్ణి. కత్తెర పడుతుందంటే మనసొప్పేది కాదు.

"దీన్లోంచి కత్తిరించమ్మా," అన్నాను.

టైలరమ్మ గుడ్డను చూసి, నన్ను చూసి, కత్తెర అందుకుంది. అంచు నుంచి పేలిక తీసి, మధ్యలో ఒక గొడుగును రెండుగా కోసింది. సగం గొడుగు పాప చేతికి కట్టింది. సగం గొడుగు కాపలా మనిషి గుప్పిట్లోకి వెళ్ళింది. నేను పాపను మూలనున్న చాప మీద పడుకోబెట్టాను. కత్తెర పడ్డాక అంత బాధేమీ కలగలేదు.

మీటింగు జరిగే హాలుకూ మా గదికీ మధ్య గోడ లేదు, మడత తలుపులున్నాయి. చివరి రెక్క పూర్తిగా మూసుకోదు. జానెడు సందు. అందులోంచి హాలంతా కనిపిస్తుంది. ఎప్పుడూ ఖాళీగా ఉండే కుర్చీలన్నీ నిండి, వెనక కొందరు కిటికీ గట్ల మీద కూర్చున్నారు.

బల్ల వెనక అధ్యక్షురాలు. మందుల షాపు ఆవిడది. చిన్నకొడుకు ఇదే బడిలో పై తరగతి. మాట ఖచ్చితం, నడక ఖచ్చితం, బల్ల మీద చిన్న గంట. పెద్ద కూతురి సంగతి ఆవిడ ముందు ఎత్తకూడదని ఊళ్ళో అందరికీ తెలుసు. తనకిష్టమైనవాణ్ణి కట్టుకుని ఆ పిల్ల ఇల్లు దాటిన రోజునుంచీ రాకపోకల్లేవు. ఆ పూట ఉక్కపోతగా ఉన్నా ఆవిడ స్వెట్టరు వేసుకుని ఉంది, చేతులు వేళ్ళదాకా లాక్కుని. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

గంట మోగింది.

"ఇంతమంది వచ్చినందుకు సంతోషం. నియమం గుర్తుంది కదా? మధ్యలో లేస్తే ఓటుండదు. నేను పెట్టింది కాదు, నాకూ వర్తిస్తుంది. ఇక సాయంత్రం గది గురించి. పిల్లల్ని కన్నది మనం, చూసుకోవాల్సింది మనం. తీసుకెళ్ళి బడి నెత్తిన పెట్టడం ఏం మర్యాదండీ?"

"నెత్తిన పెట్టట్లేదు మేడమ్, బెంచీ మీదే పెడుతున్నాం," అన్నాడు వెల్డింగతను. హాలు నవ్వింది. గంట మోగింది.

డ్రైవరమ్మ కూర్చునే మాట్లాడింది. "నా బండి ఆఖరి స్టాపుకెళ్ళి డిపోలో పెట్టేసరికి చీకటి పడుద్ది మేడమ్. ఆ గది లేకపోతే మావాడు గేటు బయట నిలబడాలి. లేదా నేను స్టీరింగు వదలాలి. మూడోది ఉంటే మీరే చెప్పండి, చేస్తాను."

అధ్యక్షురాలు జవాబివ్వబోయింది. అంతలో మా గదిలో పైకప్పు లేచిపోయింది.

కండక్టరు గది మధ్యలో నిలబడి, కళ్ళు మూసుకుని, ఊపిరంతా పెట్టి "అమ్మా!" అన్నాడు. గుండీల డబ్బా ఆడించాను. కాలితో తన్నాడు. ఎత్తుకున్నాను. విల్లులా వెనక్కి వంగాడు. టైలరమ్మ నోటితో కుట్టుమిషను చప్పుడు చేసింది. దానికి జడిసి ఇంకో ఇద్దరు అందుకున్నారు.

సందులోంచి చూశాను. డ్రైవరమ్మ మోకాళ్ళు కదిలాయి. ఒళ్ళంతా లేవడానికి ముందుకొచ్చింది. పక్కనున్నావిడ ఆమె చెయ్యి పట్టుకుంది.

"వెళ్ళాలంటే వెళ్ళమ్మా," అంది అధ్యక్షురాలు. గొంతులో వెటకారం లేదు, అదే కష్టం. "బిడ్డ తర్వాతే కదా ఏదైనా."

ఒక్క ఓటు పోయినా ఏమవుతుందో అందరికీ తెలుసు.

డ్రైవరమ్మ కుర్చీని రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకుంది. వెనక్కి ఆనుకుంది. తర్వాత పెదవులు బిగించి, పళ్ళ సందుల్లోంచి గాలి వదిలింది.

"ట్స్‌స్‌స్‌స్!"

బస్సు తలుపు మూసుకునే చప్పుడు. అచ్చం అదే.

"లోపలికి జరగండి, లోపలికి జరగండి! కమ్మీ పట్టుకోండి! బండి కదులుతోంది!"

కండక్టరు ఏడుపు సగంలో ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు. కన్నీళ్ళతోనే తలుపుల వైపు తిరిగి, వాడి చిన్న గొంతుతో అన్నాడు: "రైట్... రైట్!"

"తర్వాతి స్టాపేంటి కండక్టర్ గారూ?"

"ఆస్పత్రీ!"

ఆ తర్వాత జరిగింది నేను చేసింది కాదు, ఎవరూ చెప్పి చేయించింది కాదు. మా మనవరాలు వెళ్ళి వాడి చొక్కా వెనక పట్టుకుంది. దాని గౌను ఇంకో పిల్ల పట్టుకుంది. ఆ పిల్ల వెనక ఇంకొకడు. చూస్తుండగానే గదినిండా బస్సు. అవతల గంట గణగణ మోగుతోంది.

"ఏంటమ్మా ఇది? ఇది మీటింగనుకున్నావా, బస్టాండనుకున్నావా?"

"నేను లేవలేదు మేడమ్," అంది డ్రైవరమ్మ. "కూర్చునే ఉన్నాను. డ్రైవరు కూర్చునే కదండీ నడిపేది?"

హాలంతా ఒక్కసారి ఘొల్లుమంది. వెల్డింగతను కూర్చున్నచోటు నుంచే అరిచాడు: "బుజ్జీ! టికెట్ తీసుకున్నావా?" "నువ్విచ్చావా డబ్బులు?" అని ఇవతల నుంచి బుజ్జి. ఇంకెవరో తల్లి "చెయ్యి బయట పెట్టకురోయ్!" అంది. మడత తలుపుల మీంచి మాటలు అటూ ఇటూ బంతుల్లా ఎగురుతున్నాయి. ఒక్కరూ కుర్చీ వదల్లేదు.

"తాతా, నువ్వు వెనక టైరు," అని మా మనవరాలు నన్ను నియమించింది. సరే అని వంగి, వరసలో చివర పట్టుకున్నాను. బస్సు గది చుట్టూ తిరుగుతోంది. తిరిగినప్పుడల్లా సందు ముందుకొచ్చిన ఒక్క క్షణం నాకు హాలు కనిపిస్తుంది, మళ్ళీ గోడ.

మొదటి చుట్టులో అధ్యక్షురాలు నిలబడకుండానే తీర్మానం చదువుతోంది. మార్కెట్ స్టాపు దాటాక చూస్తే, గది మూసెయ్యాలన్నవాళ్ళ చేతులు లేచి ఉన్నాయి. ఎప్పుడూ వచ్చేవాళ్ళవే, ముందు వరసలవి, నా గుండె జారేటన్ని. ఆ చుట్టు నాకు ఎంతకీ తరగలేదు. మా మనవరాలు "టైరు గాలి పోయింది, టైరు గాలి పోయింది!" అని కేకలేసింది.

వంతెన స్టాపు దగ్గర మళ్ళీ సందు.

వెనక వరసల చేతులు లేచాయి. మెకానిక్కు చేతులు, వంట చేతులు, సబ్బుకు అరిగిన చేతులు. ప్రతి మణికట్టు మీదా ఒక గుడ్డముక్క. గళ్ళవి, చారలవి, చుక్కలవి, గులాబీ పూలవి. కిటికీ గట్ల మీద కూడా ముక్కలు రెపరెపలాడుతున్నాయి. నేను టైరుననే సంగతి మరిచిపోయి నిలబడిపోయాను. నా వల్ల బస్సు రెండుగా తెగింది.

"స్టాప్! టైరు పడిపోయిందీ!" అన్నాడు కండక్టరు. బస్సు ఆగింది. పిల్లలందరూ సందు దగ్గరికొచ్చి ఒకరి మీద ఒకరు వాలి హాలులోకి చూశారు.

కార్యదర్శి కుర్రాడు లెక్క చూశాడు. మళ్ళీ చూశాడు. అధ్యక్షురాలి చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడ ముఖం మారింది.

"రెండు వైపులా సమానం," అంది. "నియమం ప్రకారం, సమానమైతే నా ఓటుతో తేలుతుంది. నేను ఓటెయ్యకపోతే ఉన్నది ఉన్నట్టే సాగుతుంది." కాసేపాగింది. "నేను ఓటేస్తాను. మీరందరూ చెయ్యెత్తే చెప్పారు, నేనూ అలాగే చెబుతాను. సాయంత్రం గది మూసెయ్యాలన్నదానికి..."

డ్రైవరమ్మ కళ్ళు మూసుకుంది. అధ్యక్షురాలి కుడిచెయ్యి పైకి లేవడం మొదలైంది.

బస్సు ఆగాక మా గది నిశ్శబ్దమైపోయింది. అంత గోలలోనూ ఒత్తిగిలకుండా నిద్రపోయిన మూల చాప మీది పాప, ఆ నిశ్శబ్దానికి లేచి కూర్చుంది. చుట్టూ తెలియని గోడలు, తెలియని ముఖాలు. కింది పెదవి వణికింది.

"అమ్మమ్మా!"

టైలరమ్మ గబగబా వెళ్ళి ఎత్తుకుని, సందు దగ్గరికి తెచ్చి, హాలు అంతా వినేలా అడిగింది: "ఈ పాప ఎవరి పాపండీ? నీలం మీద పసుపు గొడుగు, దీని జత ఎవరి చేతికుంది?"

అందరూ ఎవరి మణికట్టు వాళ్ళు చూసుకున్నారు. హాలు వెనక గోడకానుకున్న కాపలా మనిషి తల దించుకున్నాడు.

నేనొక్కణ్ణే బల్ల వైపు చూస్తున్నాను. గాల్లో ఆగిపోయిన ఆ చేతి మీంచి స్వెట్టరు చెయ్యి మెల్లగా మోచేతి దాకా జారింది. ఆ గుడ్డను నేను ఎంత దూరం నుంచైనా పోల్చగలను. ఎన్నో పొద్దుళ్ళు టీ గ్లాసు పట్టుకుని దాని ముందే నిలబడ్డాను. నీలం. పసుపు. సగం గొడుగు.

ముందు వరసలోవాళ్ళు కూడా చూశారు. ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పెద్దమ్మాయి కూతురు..." అని ఎవరో మొదలుపెట్టి మింగేశారు.

"అమ్మమ్మా! అమ్మమ్మా!" పాప టైలరమ్మ చేతుల్లోంచి ముందుకు వాలి, సగం గొడుగు కట్టిన చేతిని సందులోంచి బయటికి చాపింది.

బల్ల వెనక కుర్చీ కిర్రుమని వెనక్కి జరిగింది.

వెల్డింగతను డ్రైవరమ్మ వైపు వంగాడు. గుసగుసే అనుకున్నాడు గానీ అందరికీ వినపడింది. "లేస్తోంది! లేవనివ్వు తల్లీ, ఆవిడ లేస్తే ఓటు పోయినట్టే. గది మనదే!"

డ్రైవరమ్మకు ఆ మాట అర్థం కాకపోలేదు. ఆమె కళ్ళలో అది వెలిగి ఆరడం నేను చూశాను. రేపటి డ్యూటీ, కొడుకు, స్టీరింగు, అన్నీ ఆ కిర్రుమన్న కుర్చీలోనే ఉన్నాయి. ఆమె నోరు మూసుకుని కూర్చుంటే చాలు.

"నువ్వూరుకో అన్నా," అంది. తర్వాత గొంతెత్తి, బండి నిండా జనం ఉన్నప్పుడు పిలిచే గొంతుతో: "మేడమ్! లేవకండి!"

అధ్యక్షురాలు సగం లేచి ఆగిపోయింది.

"లేస్తే మీ ఓటు పోద్ది. అట్టా గెలవడం నాకొద్దు. కూర్చునే పిలవండి మేడమ్. మావాణ్ణి నేను పిలవలేదూ? పాపకి మీ గొంతు వినపడితే చాలు. పేరు పెట్టి పిలవండి, ఊరుకుంటది."

పేరు పెట్టి. ఆ ఇంట్లో పాప తల్లి పేరే ఎత్తగా ఎవరూ వినలేదు. ఇక ఈ పాప పేరు ఆ హాలులో ఎవరికి తెలుసు? పిలిస్తే, కూతురింటితో చాటుగా రాకపోకలున్నాయని అందరికీ తెలిసిపోతుంది. లేచి వస్తే కూడా అందరికీ తెలిసిపోతుంది, ఓటు కూడా పోతుంది. నేను పాపను టైలరమ్మ దగ్గర్నుంచి తీసుకున్నాను. చిన్న గుండె నా చొక్కాకు తగులుతూ టకటకా కొట్టుకుంటోంది. కండక్టరు నా పక్కకొచ్చి నిలబడి, పాప కాలు పట్టుకుని, ఎంతో అనుభవమున్నవాడిలా చెప్పాడు: "ఏడవకు. పిలుస్తది."

హాలులో ఒక్క కుర్చీ కదల్లేదు. అధ్యక్షురాలి పెదవులు విడివడ్డాయి. రెండు చేతులూ బల్ల అంచు మీద ఆనించి ఉన్నాయి, ఒకదాని మీద సగం గొడుగు. అవి లేవడానికి ఆనించిన చేతులో, కూర్చోవడానికి ఆనించిన చేతులో, ఆ జానెడు సందులోంచి నాకు తెలియలేదు.